పేజీ తిప్పే హక్కు

మొన్న దసరా సెలవులకి వస్తూ మా అబ్బాయి అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి తెచ్చి టీవీకి తగిలించాడు. "ఇహ ఏ సినిమా కావాలంటే అది చూసుకోమ్మా" అన్నాడు. సంబరంగా కాఫీ కలుపుకొచ్చి కూచున్నాను. ముందుగా ప్రత్యక్షమైంది సినిమా కాదు, బట్టల సబ్బు ప్రకటన!

"డబ్బిచ్చి కొన్నాం కదరా, మళ్ళీ ఇదేమిటి?" అన్నాను.

"కొన్నది పెట్టెనేనమ్మా. తెర ఇంకా వాళ్ళదే" అన్నాడు.

ఆ మాట నన్ను కుదురుగా కూచోనివ్వలేదు. పాత సంగతులు తిరగేస్తే, ఈ పేచీ నిన్న మొన్నటిది కాదని తెలిసింది.

1955లో అమెరికాలో జెనిత్ కంపెనీ 'ఫ్లాష్‌మాటిక్' అనే వస్తువు అమ్మింది. పిస్తోలు ఆకారంలో ఉండే టార్చిలైటు లాంటిది. చేసినవాడు యూజీన్ పాలీ. దాని వెలుగు టీవీ మూలల మీద పడితే చానెల్ మారేది, లేదా మాట ఆగేది. విసిగించే ప్రకటనల నోరు మూయించవచ్చని చెప్పే అమ్మారు. తీగలేని మొదటి టీవీ రిమోటు అదే. ఎండ పడ్డా చానెల్ మారిపోయేదట, అది వేరే సంగతి లెండి!

తర్వాత వీడియో రికార్డర్లొచ్చాయి. సినిమా కంపెనీలు కోర్టుకెక్కాయి. తీరిగ్గా చూసుకోడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984లో తీర్పిచ్చింది.

1999లో ఆంథొనీ వుడ్ అనే ఆయన స్థాపించిన సంస్థ 'రీప్లే టీవీ' పెట్టె తెచ్చింది. 2001లో వచ్చిన రకమైతే ప్రకటనల్ని తనంతట తానే దాటేసేది. చానెళ్ళవాళ్ళు దావా వేశారు. ఒక చానెళ్ళ సంస్థ పెద్ద, జేమీ కెల్నర్, ప్రకటన దాటేయడం దొంగతనమే అన్నాడు, 2002లో. బాత్రూముకి వెళ్ళొచ్చే మాత్రం కాస్త చూసీచూడనట్టు పోవచ్చట! చిత్రలహరి మధ్యలో ప్రకటన రాగానే లేచి వెళ్ళి పోపు వేసొచ్చే మా అమ్మ, ఆ లెక్కన ఎంత దొంగో! చివరికి ఆ పెట్టె అమ్మే కంపెనీ 2003లో దివాలా తీసింది. చేతులు మారాక వచ్చిన పెట్టెలో ఆ సదుపాయమే తీసేశారు.

అసలు చిత్రం ఇప్పుడు చెబుతాను. అదే వుడ్‌గారు 2002లో 'రోకు' కంపెనీ పెట్టారు. 2008లో వంద డాలర్ల లోపు ధరకి సినిమాలు చూపే చిన్న పెట్టె తెచ్చారు. ఇవాళ ఆ కంపెనీకి పెట్టెలమ్మితే వచ్చేదానికన్నా ప్రకటనల మీదా, చందాల్లో వాటాల మీదా వచ్చేదే ఎక్కువ. ప్రకటనలు దాటించిన మనిషే ప్రకటనల అంగడి తెరిచాడు. ఆయన్ననేం లాభం? పెట్టె చవగ్గా కావాలన్నది మనమే కదూ!

మరి దారి లేదా అంటే, ఉంది. 2002లోనే కొందరు ఔత్సాహికులు ఆటల పెట్టె 'ఎక్స్‌బాక్స్' కోసం సినిమాలు చూపే ప్రోగ్రాము ఒకటి రాశారు. 2014 నుంచి దాని పేరు 'కోడి'. ఉచితం. లోపలి రాతంతా ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. 2012లో వచ్చిన 'రాస్ప్‌బెర్రీ పై' అనే అరచేతి కంప్యూటర్లోనూ నడుస్తుంది. అయితే సినిమాలు అది ఇవ్వదు, మన దగ్గరున్నవి చూపిస్తుందంతే. అమర్చుకునే ఓపికా మనదే.

నిజం చెప్పొద్దూ, నా సీరియళ్ళ పక్కన తలనూనె ప్రకటనలు పడుతూనే ఉన్నాయి. నా పారితోషికంలో ఆ నూనె డబ్బూ ఉంది. కానీ పాఠకురాలు చటుక్కున పేజీ తిప్పేయగలదు. ఆవిడ వేలు పట్టుకుని ఆపేవారు లేరు. నేనడిగేదీ ఆ వేలే.

"ప్రకటనల్లేని పెట్టె ఖరీదెక్కువైనా కొంటావా అమ్మా?" అన్నాడు మా వాడు.

"ఎంతేమిటి?" అన్నాను వెంటనే.

వాడు నవ్వాడు. ఆ నవ్వుకి అర్థం నాకు కాస్త ఆలస్యంగా తట్టింది.