యూఏఈ ఎమిరేట్ల పతాకాలు

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ సమాఖ్యలో ఏడు ఎమిరేట్లున్నాయి. ఫుజైరా సమాఖ్య పతాకాన్నే తనదిగా చేసుకుంది. మిగిలిన ఆరింటి సంప్రదాయ పతాకాల్లోనూ కనిపించేవి ఎరుపు, తెలుపు రంగులే. ఈ పోలికకు మూలం రెండు శతాబ్దాల నాటి ఒక సంధి.

1820 ఒడంబడిక

పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో ఈ తీరపు అరబ్బు ఓడల మీద ఎర్రజెండా ఎగిరేది. షార్జా, రస్ అల్ ఖైమా రేవులను ఏలిన ఖవాసిం నావికులకు బ్రిటిషువారు ఓడదొంగలన్న ముద్ర వేశారు. 1819లో బొంబాయి నుంచి సేనను పంపి రస్ అల్ ఖైమాను పట్టుకున్నారు. 1820 జనవరి 8న అక్కడే సంధి కుదిరింది. స్నేహంగా ఉండే అరబ్బులు నేలమీదా నీటిమీదా ఎర్రజెండాకు తెల్లని అంచు చేర్చి వాడాలనీ, ఆ అంచు ఎరుపు భాగమంత వెడల్పు ఉండాలనీ మూడో అధికరణం నిర్దేశించింది. తెలుపు ఉన్న ఓడ సంధికి కట్టుబడినదని బ్రిటిషు నౌకలకు గుర్తు.

ఓడదొంగలన్న ఆ ముద్ర నిజం కాదని షార్జా పాలకుడు, చరిత్రకారుడు షేక్ సుల్తాన్ బిన్ ముహమ్మద్ అల్ ఖాసిమీ 1986లో ప్రచురించిన గ్రంథంలో వాదించారు. ఈ జెండాల పుట్టుకను గెలిచినవారి మాటల్లోనే చదివితే చాలదు. ఆ వాదననూ పక్కన పెట్టుకుని చదవాలి.

రూపకల్పన

కాలక్రమంలో ఒక్కో ఎమిరేట్ తెలుపును ఒక్కో చోట నిలుపుకుంది. షార్జా, రస్ అల్ ఖైమా పతాకాలు సంధి చెప్పిన రూపానికి అతి దగ్గర: నాలుగు వైపులా తెలుపు, నడుమ ఎరుపు. దుబాయి, అజ్మాన్ పతాకాల్లో కర్ర వైపు తెల్లని నిలువు పట్టీ, తక్కినదంతా ఎరుపు. ఉమ్ అల్ ఖ్వైన్ ఇదే రూపానికి ఎరుపు మీద తెల్లని నెలవంకను, నక్షత్రాన్ని చేర్చుకుంది. అబుదాబి ఎర్రజెండాలో తెలుపు కర్ర వైపు పైమూలన దీర్ఘచతురస్రంగా ఉంటుంది. బయటివారు షరతుగా పెట్టిన రంగు ఈ విధంగా ఎవరి గుర్తు వారికి తెచ్చిపెట్టింది.

సమాఖ్య పతాకం

1971 డిసెంబర్ 2న సమాఖ్య ఏర్పడినప్పుడు దుబాయిలో కొత్త పతాకం ఎగిరింది. రస్ అల్ ఖైమా మరుసటి ఏడాది ఫిబ్రవరిలో చేరింది. పతాకం కోసం ‘అల్ ఇత్తిహాద్’ పత్రికలో పోటీ ప్రకటించగా, అబ్దుల్లా మహమ్మద్ అల్ మైనా అనే యువకుడి నమూనా ఎంపికైంది. అడ్డంగా ఆకుపచ్చ, తెలుపు, నలుపు పట్టీలు, కర్ర వైపు నిలువుగా ఎరుపు ఉంటాయి. జెండా పొడవు వెడల్పుకు రెట్టింపు. ఎర్ర పట్టీ ఆ పొడవులో నాలుగో వంతు. ఈ నాలుగూ 1916 అరబ్బు తిరుగుబాటు జెండాలోని రంగులే. ఆకుపచ్చ సమృద్ధికి, తెలుపు శాంతికి, నలుపు బలానికి, ఎరుపు ధైర్యానికి ప్రతీకలని సాధారణంగా చెబుతారు.

2013 నుంచి ఏటా నవంబర్ 3న పతాక దినోత్సవం జరుపుతున్నారు. 2004లో షేక్ ఖలీఫా అధ్యక్షుడైన సందర్భానికి అది గుర్తు.