ఉపన్యాసము విన్న మరునాడు



అన్నవరమున సత్యదేవుని సేవించి, రైలెక్కి రాజమహేంద్రవరము చేరువారు గోదావరిలో మునిగి, కోటిలింగాలరేవు చూచి తిరిగివత్తురు. ఆ పట్టణమున పాల్ చౌకు అను పేరు ఎట్లు వచ్చెనో అడుగువారు తక్కువ. 1907 ఏప్రిలు మాసమున అచ్చట చదువుకొనుచుండిన విద్యార్థి యొకని దినము ఎట్లు గడచియుండునో నేడు మీకు చెప్పదలచితిని. ఆ విద్యార్థి నా యూహలోనివాడు. అతడు చూచిన పెద్దలు మాత్రము చరిత్రలోనివారు.

1905 అక్టోబరు 16వ తేదీన ప్రభుత్వము వంగరాష్ట్రమును రెండుగా చీల్చెను. వంగీయులు విదేశవస్తువులను విడిచి, స్వదేశివ్రతము పట్టిరి. ఆ యుద్యమనాయకులలో ఒకరు బిపినచంద్రపాలుగారు. ముట్నూరి కృష్ణారావుగారి పూనికచే ఆయన మన సీమకు వచ్చి, విజయనగరము, విశాఖపట్టణము, కాకినాడ, రాజమహేంద్రవరము, బెజవాడ, బందరులలో ఉపన్యసించిరి.

మన విద్యార్థిని తలచుకొనుడు. తండ్రి ధాన్యమమ్మి జీతము కట్టుచున్నాడు. కొడుకు పట్టము పుచ్చుకొని, సర్కారు కొలువులో కూర్చుండిననాడు అప్పు తీరునని ఇంటిల్లిపాది ఆశ. అట్టివాడు ఉదయము గది విడిచి వీధిలోనికి వచ్చుసరికి ఎచ్చట విన్నను పాలుగారి మాటయే. తోడివారిలో అందరికంటె ముందు నిలిచినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. ఆయన కర్నూలువారు, అప్పటికే ఎం.ఏ. పట్టము పొంది, ఉపాధ్యాయవృత్తికై ట్రైనింగు కళాశాలలో చదువుచుండిరి. అంత చదివినవాడు, రేపో మాపో కొలువులో చేరవలసినవాడు, వందేమాతరమని ముందు నడచుచుండగా చిన్నవారు వెనుక నిలుతురా?

సాయంకాలము సభ. పాలుగారు ఇంగ్లీషున మాటలాడుదురు. స్వదేశివస్తువులు, విదేశవస్తుబహిష్కారము, జాతీయవిద్య, స్వరాజ్యము — ఇవి ఆయన విషయములు. కాని సభలోని వర్తకునకు, రైతునకు ఆ భాష తెలియదు. దానిని తెలుగు చేసి చెప్పినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. ఆయనకు చిన్ననాటినుండియు చూపు మందము. చెవితో విన్నదానిని మనసున నిలుపుకొని చెప్పవలసినదే. భారతదేశమును పాడియావుతో పోల్చిన ఆయన పద్యము ఆ సభలనుండియే తెలుగునాట వ్యాపించెను. దూడకు దక్కవలసిన పాలు పరుల చెంబులోనికి పోవుటయన నేమో కృషీవలునకు ఒకరు బోధింపవలెనా? పెద్ద పెద్ద యర్థశాస్త్రములు చేయలేని పని ఆ నాలుగు పాదములు చేసినవి.

ఇంతవరకు సభకు పోయిన ప్రతివానికిని కలిగిన యుత్సాహమే. కరతాళములు కొట్టుటకు ఖర్చు లేదు. నేను మీకు ముఖ్యముగా చెప్పదలచినది మరునాటి సంగతి. వందేమాతరమను అక్షరములు గల పతకమును రొమ్మున ధరించి విద్యార్థులు కళాశాలకు పోయిరి. అధ్యక్షుడు మార్కు హంటరు దొర దానిని సహింపలేదు. చదువా, పతకమా అను ప్రశ్న వచ్చెను. మన విద్యార్థి గుమ్మము వద్ద నిలిచి తండ్రిని తలచుకొనియుండును. అమ్మిన ధాన్యమును తలచుకొనియుండును. పతకము తీసి జేబులో వేసికొనినవానిని మనము నిందింపరాదు, తీయనివానిని మరువరాదు. పలువురు విద్యార్థులు శిక్షింపబడిరి. హరిసర్వోత్తమరావుగారిని కళాశాలనుండి తొలగించిరి. సర్కారు కొలువు ఆయనకు దూరమయ్యెను.

ఆ వేడి రాజమహేంద్రవరముతో ఆగలేదు. 1907 మే 31వ తేదీన కాకినాడలో కోపల్లె కృష్ణారావను బాలుడు వందేమాతరమనగా, కెంపు అను దొర వానిని కొట్టెను. ఊరివారు కోపించి దొరల క్లబ్బుపై పడిరి. జాతీయవిద్య అను మాట 1910లో బందరున ఆంధ్ర జాతీయకళాశాలగా రూపు దాల్చెను. పాలుగారు 1907లోనే, అరవిందులకు ప్రతికూలముగా సాక్ష్యమిచ్చుటకు నిరాకరించి, ఆరు మాసములు చెరసాల ననుభవించిరి. చెప్పినవారును మరునాటి పరీక్షకు నిలిచిరన్నమాట.

హరిసర్వోత్తమరావుగారు 1908లో స్వరాజ్యపత్రికలోని వ్రాతకై కారాగారమునకు పోయిరి. విడుదలయైన పిదప గ్రంథాలయములకును, వయోజనవిద్యకును జీవితమును ధారపోసి 1960లో కన్నుమూసిరి. సర్కారు ఒక తరగతిగది తలుపు మూసినది. ఆయన పల్లెలనే పాఠశాలగా చేసికొనిరి. చదువు రాని పెద్దవారు పలక పట్టి అక్షరము దిద్దుకొన్న గ్రామములలో ఆ తొలగింపుటుత్తరువునకు జవాబున్నది.

మీ యూరి పిల్లవాడు పట్టణమునకు పోయి ఉపన్యాసము విని వచ్చినపుడు, వక్త యేమనెనని అడుగుడు. పిదప, మరునాడు నీవేమి చేసితివని కూడ అడుగుడు.