చెయ్యి హద్దులు నేర్చిన కథ

1894 వేసవిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఓ గుట్టు రట్టు చేసింది. లండన్‌లో మర్దన కేంద్రాలంటూ బోర్డులు పెట్టుకున్న కొన్ని ఇళ్లలో నడుస్తున్నది వ్యభిచారమని బయటపెట్టింది. అప్పటికే అక్కడ మర్దనకు వైద్యంగా మంచి గిరాకీ ఉంది. దాన్ని శ్రద్ధగా నేర్చుకుని బతుకుతున్న నర్సులకు ఆ రాతలతో తలెత్తుకోలేని పరిస్థితి వచ్చింది.

వాళ్లలో నలుగురు, లూసీ రాబిన్సన్, రోజలిండ్ ప్యాజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్, ఆ ఏడాదే 'శిక్షణ పొందిన మర్దన నిపుణురాళ్ల సంఘం' పెట్టారు. పరువు నిలబెట్టుకోవడానికి తమ చేతులకు తామే కట్టుబాట్లు విధించుకున్నారు. డాక్టరు చెప్పనిదే మర్దన చెయ్యకూడదు. అత్యవసరమై డాక్టరు ప్రత్యేకంగా కోరితే తప్ప మగవాళ్లకు చెయ్యకూడదు. వైద్య పత్రికల్లో తప్ప ప్రకటనలు ఇవ్వకూడదు. మందులు అమ్మకూడదు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక ఆ క్రమశిక్షణ విలువ తెలిసింది. 1914లో 50 మంది శిక్షితురాళ్లతో మొదలైన ఆల్మెరిక్ ప్యాజెట్ మర్దన దళం గాయపడ్డ సైనికుల కీళ్లను, కండరాలను మళ్లీ దారికి తెచ్చే పనిలో దిగింది. 1920లో సంఘానికి రాజముద్ర దక్కింది. బ్రిటన్ ఫిజియోథెరపిస్టుల నేటి సంఘం దాని వారసురాలే. మన దేశంలో తొలి ఫిజియోథెరపీ బడి 1950ల మొదట్లో బొంబాయి కేఈఎం ఆస్పత్రిలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో వచ్చింది. ఈ వృత్తికి ఎవరు అర్హులో చెప్పే జాతీయ చట్టం మాత్రం 2021 దాకా రాలేదు.

ఎవరు ముట్టుకోవాలో తేలింది సరే, ఎంత గట్టిగా? నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించుకోమనే ఊళ్లు మనవి. ఎముక విరిచినట్టు టక్కున శబ్దం వస్తే గానీ పని జరగలేదనుకునేవాళ్లు పాశ్చాత్య దేశాల్లోనూ తక్కువేం కాదు. బలం మీద ఉన్న ఈ నమ్మకాన్ని పక్కనపెట్టి, సున్నితత్వానికి కొలత కట్టినవాడు ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు చెందిన ఫిజియోథెరపిస్ట్ జెఫ్రీ మేట్లండ్. 1964లో ఆయన పుస్తకం 'వెర్టిబ్రల్ మానిప్యులేషన్' వెలువడింది.

ఆయన మొదటే కీలును ఒక్క ఊపున తిప్పడు. లయగా ముందుకీ వెనక్కీ ఆడిస్తాడు. ఆ ఆటను నాలుగు మెట్లు చేశాడు. మొదటిది, కీలు కదలిక మొదట్లోనే చిన్న కదలిక. రెండోది పెద్దదే కానీ బిగుతు దాకా పోదు. మూడోది పెద్దది, బిగుతును తాకుతుంది. నాలుగోది బిగుతు దగ్గరే చిన్నగా. నొప్పి ఎక్కువగా ఉంటే మొదటి రెండూ, నొప్పి తగ్గి బిగుసుకుపోవడమే మిగిలితే చివరి రెండూ. అంటే ఎక్కువ బాధపడుతున్నవాడికి తక్కువ ఒత్తిడి! అసలు కీలకం ఆ తర్వాత ఉంది. చేసిన ప్రతిసారీ రోగిని మళ్లీ వంగమని, తిరగమని అడుగుతాడు. తేడా కనిపిస్తే కొనసాగింపు, లేకుంటే పద్ధతి మార్పు. నిర్ణయం చెప్పేది వైద్యుడి చెయ్యి కాదు, రోగి ఒళ్లు.

మరి ఇంత నేర్చిన చెయ్యి ఒక్కటే నొప్పిని తీర్చేస్తుందా? 2016లో బ్రిటన్ జాతీయ వైద్య ప్రమాణాల సంస్థ 'నైస్' నడుము నొప్పిపై ఇచ్చిన మార్గదర్శకాల్లో దీనికీ హద్దు గీసింది. చేతి వైద్యాన్ని వాడుకోవచ్చు, కానీ వ్యాయామంతో కూడిన చికిత్సలో భాగంగా మాత్రమేనని చెప్పింది. బిగిసిన నడుముకు ఫిజియోథెరపిస్ట్ కాస్త కదలిక తెచ్చిపెడతారు. దాన్ని నిలుపుకోవడానికి నడవాల్సిందీ, వంగాల్సిందీ, రోజూ చెప్పిన కసరత్తు చెయ్యాల్సిందీ మనమే. వారం వారం బల్లెక్కి ఒళ్లు అప్పగించి, ఇంటికొచ్చి కుర్చీకి అతుక్కుపోయేవాళ్లకు మేట్లండ్ మెట్లు నాలుగూ కలిసినా చేసేదేం లేదు.