వీల్‌చైర్‌లో సముద్రం దాకా వెళ్లొచ్చా? బీచ్ వీల్‌చైర్, ర్యాంప్ అంటే ఏంటి? పూర్తి వివరాలు

వైజాగ్ వెళ్లామంటే ముందు బీచ్‌కే. కారు దిగడం, చెప్పులు చేత్తో పట్టుకోవడం, ఇసుకలోకి పరుగు. మరి ఆ ఫ్యామిలీలో ఒకరు వీల్‌చైర్‌లో ఉంటే? చాలాసార్లు వాళ్లు రోడ్డు పక్కన ఫుట్‌పాత్ మీదే ఆగిపోతారు. బ్యాగులకు, చెప్పులకు కాపలా వాళ్లదే. సముద్రం కనిపిస్తూనే ఉంటుంది, కానీ అక్కడికి వెళ్లే దారి ఉండదు.

ఇసుకలో వీల్‌చైర్ ఎందుకు కదలదు?

మామూలు వీల్‌చైర్ గట్టి నేల కోసం తయారైంది. దాని టైర్లు సన్నగా ఉంటాయి. ముందున్న రెండు చిన్న చక్రాల మీద బరువు పడగానే అవి ఇసుకలో దిగబడిపోతాయి. అందుకే తోసేవాళ్లు కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాల మీద బరువు వేసి లాగుతుంటారు. పది అడుగులకే ఇద్దరికీ ఆయాసం వచ్చేస్తుంది.

బీచ్ వీల్‌చైర్‌కు బెలూన్‌లా లావుగా, మెత్తగా ఉండే టైర్లు ఉంటాయి. గాలి తక్కువ ఒత్తిడితో నింపుతారు కాబట్టి బరువు ఎక్కువ చోట పరుచుకుంటుంది, చక్రం ఇసుకలో దిగదు. తుప్పు పట్టకుండా ఫ్రేమ్‌ను ప్లాస్టిక్ పైపులతో గానీ అల్యూమినియంతో గానీ చేస్తారు. కొన్ని రకాలు నీళ్లలో తేలతాయి కూడా.

అయితే ఒక చిక్కుంది. చాలా బీచ్ వీల్‌చైర్లను కూర్చున్నవాళ్లు సొంతంగా నడుపుకోలేరు, చేత్తో తిప్పుకునే రింగులు ఉండవు. వెనక నుంచి ఒకరు తోయాల్సిందే.

ర్యాంప్‌తో తేడా ఇక్కడే. ర్యాంప్ ఉంటే తమ సొంత కుర్చీలో, తమంతట తాము, వెళ్లాలనిపించినప్పుడు వెళ్లొచ్చు. నలుగురు కుర్రాళ్లు వీల్‌చైర్‌ను ఎత్తుకుని అలల దాకా తీసుకెళ్లే వీడియోలు అప్పుడప్పుడు వైరల్ అవుతుంటాయి, కింద బోలెడు హార్ట్ ఎమోజీలు. మంచి పనే, కాదనట్లేదు. కానీ ఆ నలుగురు రోజూ దొరకరు కదా. పైగా "నన్ను ఎత్తండి" అని అడగడం అందరికీ ఇష్టం ఉండదు.

మెరీనాలో ఏం జరిగింది?

చెన్నై మెరీనా బీచ్‌లో ఇసుక చాలా వెడల్పు, రోడ్డు మీద నుంచి అలలు ఎక్కడో దూరంగా ఉంటాయి. అక్కడ కొన్నేళ్ల పాటు డిసెంబర్ 3న అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం సందర్భంగా తాత్కాలిక దారి వేసేవారు. కొన్ని రోజులు ఉంచి తీసేసేవారు. మిగతా ఏడాదంతా ఏం చేయాలని దివ్యాంగుల సంఘాలు అడుగుతూనే వచ్చాయి. చివరికి 2022 నవంబర్ 27న శాశ్వత చెక్క ర్యాంప్ తెరిచారు. పొడవు 263 మీటర్లు, ఖర్చు కోటి రూపాయలకు పైనే.

రెండు వారాలు కూడా కాలేదు, మాండూస్ తుపాను వచ్చింది. డిసెంబర్ 9 రాత్రి అలల దెబ్బకు సముద్రం వైపు భాగం దెబ్బతింది. డబ్బు వృథా అంటూ సోషల్ మీడియాలో ట్రోలింగ్ మొదలైంది. తుపానుకు రోడ్లు కొట్టుకుపోతే రోడ్డే వేయొద్దని ఎవరూ అనరు, ర్యాంప్ విషయంలో మాత్రం ఆ మాట వెంటనే వచ్చేస్తుంది. తర్వాత రిపేర్ చేసి మళ్లీ వాడుకలోకి తెచ్చారు.

వేరే దేశాల్లో ఇంకో పద్ధతి ఉంది. తుపాను హెచ్చరిక వస్తే చుట్టేసుకునేలా చాపల్లాంటి దారులు పరుస్తారు. గ్రీస్‌లో అయితే వందకు పైగా బీచ్‌లలో సోలార్ కరెంటుతో నడిచే కుర్చీలు పెట్టారు. కూర్చుని రిమోట్ నొక్కితే చాలు, పట్టాల మీద నీళ్లలోకి తీసుకెళ్తాయి. ఎవరినీ పిలవక్కర్లేదు.

మన రుషికొండ సంగతి?

వైజాగ్ రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. దానికి మొత్తం 33 ప్రమాణాలు, వాటిలో దివ్యాంగులకు దారి, సౌకర్యాలు కూడా ఉన్నాయి. 2025లో మెయింటెనెన్స్ బాగోలేదని ఆ గుర్తింపు కొన్నాళ్లు పోయి మళ్లీ వచ్చింది. అందుకే బోర్డు చూసి నమ్మేయకండి. 'బీచ్‌కి దారి' వేరు, 'నీళ్ల దాకా దారి' వేరు. బయల్దేరే ముందే ఫోన్ చేసి ర్యాంప్ ఎక్కడిదాకా ఉంది, బీచ్ వీల్‌చైర్ ఇస్తారా, టాయిలెట్ తలుపులో మీ కుర్చీ పడుతుందా అని అడగండి.

చట్టం ఏం చెబుతోంది?

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని సెక్షన్ 29 సంస్కృతి, వినోదం గురించి. అవుట్‌డోర్ క్యాంపులు, సాహస కార్యక్రమాల్లో దివ్యాంగులు పాల్గొనేలా చూడాలని అందులో స్పష్టంగా ఉంది. అంటే ఇది దయ కాదు, హక్కు. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. అందుబాటు ప్రమాణాలు కేవలం సలహాల్లా ఉంటే కుదరదని, తప్పనిసరి నిబంధనలు తేవాలని కేంద్రానికి మూడు నెలల గడువు ఇచ్చింది. ఆ కేసులో కోర్టు రిపోర్టు అడిగింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని దివ్యాంగుల అధ్యయన కేంద్రాన్నే.

వెళ్లేటప్పుడు ఇవి మర్చిపోకండి

వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకు కాళ్లలో స్పర్శ ఉండకపోవచ్చు. ఎండకు కాలిన ఇసుక చర్మాన్ని బొబ్బలెక్కించినా తెలియదు. మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్లకు చెమట సరిగా పట్టదు, ఒళ్లు త్వరగా వేడెక్కిపోతుంది. కాబట్టి పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లడం మంచిది. కాళ్లకు సాక్స్ వేయండి, తడి గుడ్డ, తాగే నీళ్లు దగ్గర పెట్టుకోండి.

తేలే కుర్చీని పడవ అనుకోవద్దు. పెద్ద అల వస్తే తిరగబడుతుంది. లైఫ్ జాకెట్ వేసుకుని, లైఫ్‌గార్డ్ ఉన్న చోటే, పక్కన మనిషి పట్టుకుని ఉంటేనే నీళ్లలోకి దిగాలి. సొంత వీల్‌చైర్‌ను ఇసుక మీదకు తీసుకెళ్తే ఇంటికొచ్చాక చక్రాలను మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, బేరింగులకు నూనె వేయించండి. ఉప్పు, ఇసుక చేరితే కొన్ని రోజులకే పట్టేస్తాయి.