పాత ఛాయాచిత్రాల పునరుద్ధరణ
వత్సవాయి వంశీయుల సంస్థాన కేంద్రంగా చరిత్రకెక్కిన పెద్దాపురం వంటి గోదావరి సీమ పట్టణాలలో పాత నలుపు తెలుపు ఛాయాచిత్రాలకు ప్రధాన శత్రువు తేమ. వెండి రేణువులను పట్టి ఉంచే జెలటిన్ పొర తేమను పీల్చుకొని ఉబ్బడం వల్ల బూజు పడుతుంది, చిత్రం అద్దానికి అతుక్కుపోతుంది.

స్టూడియోల కాలంలో లోపాలను నెగటివ్‌పై సన్నని పెన్సిలుతోను, ముద్రించిన చిత్రంపై కుంచెతోను సవరించేవారు కనుక, ఆ మార్పు మూలంపైనే నిలిచిపోయేది. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ విద్యార్థులు స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ 1995లో రూపొందించడం ప్రారంభించి 1996లో విడుదల చేసిన గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, స్కాన్ చేసిన ప్రతిపైనే పనిచేస్తూ మూలాన్ని తాకకుండా ఉంచే అవకాశాన్ని సామాన్యులకు కల్పించింది. ఇందులోని ‘క్లోన్’ పరికరం ఒక చోటి భాగాన్ని యథాతథంగా మరొక చోటికి తెస్తే, 2007 నాటి 2.4 వెర్షన్‌లో చేరిన ‘హీల్’ పరికరం ఆ భాగాన్ని చుట్టుపక్కల వెలుగునీడలకు అనుగుణంగా కలిపి మరకలను, గీతలను మాపుతుంది.

అయితే చెరిగిపోయిన ముఖాన్ని ఊహతో పూరించడం పునరుద్ధరణ కాదు. సవరణలను సాఫ్ట్‌వేర్‌లో వేరే పొర (లేయర్)పై చేసి, తొలి స్కాన్‌ను మార్చకుండా భద్రపరచినప్పుడే కుటుంబ చిత్రం స్థానిక చరిత్రకు నమ్మదగిన ఆధారమవుతుంది.