పండుగ హోదా (హయత్‌నగర్ పరిసరాలు)

పండుగ హోదా అంటే ఒక ఆచారాన్నో, జాతరనో, సంతాప దినాన్నో పండుగగా లెక్కగట్టి ప్రభుత్వం సెలవు, నిధులు, అనుమతులు ఇవ్వడం. జనం పండుగ చేసుకోవడానికి ఈ హోదాతో పని లేదు. హైదరాబాదు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, ఎల్బీనగర్ దాటి విజయవాడ రహదారి వెంట హయత్‌నగర్ వరకు చూస్తే జనం లెక్కకూ, సర్కారు లెక్కకూ పొంతన కుదరని చోట్లు చాలానే ఉన్నాయి.

సంతాపమా, పండుగా?

హయత్‌నగర్‌కు ఆ పేరు గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు హయాత్ బక్షీ బేగం వల్ల వచ్చింది. ఆమె పేరిట మసీదు, దగ్గరలోనే ఏనుగుల బావిగా చెప్పుకొనే పెద్ద దిగుడు బావి ఇప్పటికీ ఉన్నాయి. ఆమె కొడుకు అబ్దుల్లా కుతుబ్ షా చిన్నతనంలో ఎక్కిన ఏనుగు మదమెక్కి అడవిలోకి పారిపోయిందనీ, బిడ్డ క్షేమంగా తిరిగొస్తే ఏనుగు గొలుసులాంటి బంగారు గొలుసును హుస్సేనీ ఆలం అనే మొహర్రం ధ్వజానికి సమర్పిస్తానని ఆమె మొక్కుకుందనీ కథనం. ఏటా మొహర్రంలో జరిగే లంగర్ ఊరేగింపుకు మూలం ఆ మొక్కే. అసఫ్ జాహీ నిజాంల కాలానికి అది ఏనుగులు, గుర్రాలు, సైనిక దళాలు కదిలే కవాతుగా మారింది. కర్బలాలో ఇమాం హుస్సేన్ ప్రాణాలు కోల్పోయినందుకు శోకించే నెలలో ఒక తల్లి మొక్కు తీర్చుకోవడం రాజ్యం వేడుకైపోయింది.

ఊళ్లలో ఈ కలగలుపు ఇంకా చిక్కనిది. తెలంగాణ పల్లెల్లో మొహర్రంను పీర్ల పండుగ అంటారు. పీర్ల కొట్టంలో పీర్లు అనే ధ్వజాలను నిలబెడతారు, ఊదు పొగ వేస్తారు, దట్టీలు కట్టి మొక్కులు చెల్లిస్తారు, మలీద పంచుతారు. అలావా గుండం చుట్టూ డప్పుల దరువుకు ఆడేవాళ్లలో, పీరు ఎత్తుకునేవాళ్లలో హిందువులు ఎందరో. ముస్లింలే లేని ఊళ్లలోనూ పీర్లు లేస్తాయి. నగరంలో షియాలకు మొహర్రం పదో రోజు గుండెలు బాదుకుంటూ మాతం చేసే శోకదినం. ప్రభుత్వ సెలవుల జాబితా మాత్రం దాన్ని ఉగాది, దీపావళి, క్రిస్మస్‌లతో కలిపి ఒకే వరుసలో రాస్తుంది. జాబితాకు అంతకన్నా వేరే దారి లేదు. దానికి తెలిసింది సెలవు ఉందా, లేదా అన్నదే.

సాధారణ సెలవు, ఐచ్ఛిక సెలవు

తెలంగాణ ప్రభుత్వం ఏటా రెండు జాబితాలు ప్రకటిస్తుంది. సాధారణ సెలవుల్లో భోగి, సంక్రాంతి ఉంటాయి, కనుమ ఐచ్ఛికంలోకి పోతుంది. ఇంటింటా కలశం పెట్టే వరలక్ష్మీ వ్రతమూ ఐచ్ఛికమే. జగ్జీవన్‌రాం జయంతి పండుగ కాదు, అయినా సాధారణ సెలవు. జనవరి 1కి సెలవిచ్చి, దానికి బదులు ఫిబ్రవరి రెండో శనివారాన్ని పనిదినం చేసిన సంవత్సరాలూ ఉన్నాయి. ఏ పండుగకూ లేని బాకీ అది.

బోనాలు, బతుకమ్మ 2014 జూన్‌లో రాష్ట్ర పండుగలయ్యాయి. సమ్మక్క సారలమ్మ జాతరకు ఆ గుర్తింపు ఉమ్మడి రాష్ట్రంలోనే వచ్చింది. దాన్ని జాతీయ పండుగ చేయాలన్న డిమాండ్ ఇప్పటికీ నడుస్తోంది. హోదా వచ్చాక ఆలయాలకు సర్కారు సాయం అందింది, మంత్రుల పట్టువస్త్రాలూ వచ్చాయి. తేదీల గొడవ మాత్రం తీరలేదు. బోనాల సెలవు లాల్‌దర్వాజా సింహవాహిని బోనాల మర్నాడు, ఆషాఢ సోమవారం పడుతుంది. నగర శివార్లలోని చాలా ఊళ్లు శ్రావణంలో బోనమెత్తుతాయి. సున్నం, పసుపు, కుంకుమ పూసి వేపమండలు కట్టిన కొత్త కుండ మీద దీపం వెలిగించి ఆడబిడ్డ గుడికి బయల్దేరే ఆదివారాన్ని అక్కడ నిర్ణయించేది ఊరి పెద్దలు. జీవో కోసం ఎవరూ ఆగరు.

బతుకమ్మకు 2025లో సెలవు తొలి రోజైన ఎంగిలిపూల నాడు ఇచ్చారు. ఊరంతా చెరువు గట్టుకు కదిలేది తొమ్మిదో నాటి సద్దులకు. ఆ రోజు పడిన దుర్గాష్టమిది అప్పుడు ఐచ్ఛిక జాబితా. బడులకు దసరా సెలవులు ఉండబట్టి సరిపోయింది గానీ, ఆఫీసుకు పోయే ఆడవాళ్లు తంగేడు, గునుగు పేర్చడానికి సగం రోజు పర్మిషన్ అడగాల్సి వచ్చింది.

2025 సెప్టెంబరు ఆఖరున సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల బతుకమ్మను పేర్చారు. దాని చుట్టూ 1,354 మంది మహిళలు ఆడారు. రెండింటికీ గిన్నిస్ గుర్తింపు దక్కింది. గుర్తింపు మంచిదే. కానీ బతుకమ్మను పేర్చిన చేతుల్తోనే తలకెత్తుకుని పోయి నీళ్లలో వదలాలి, అంత ఎత్తు పూలగోపురాన్ని ఎవరు మోయగలరు? కోల్‌కతా దుర్గాపూజ 2021లో యునెస్కో జాబితాకెక్కింది. అక్కడ గుర్తించింది పరిమాణాన్ని కాదు, తరతరాలుగా సాగుతున్న ఆచారాన్ని.

చప్పుడు, చార్జీ

పండుగ అన్న మాటకు చట్టంలో ఉన్న బలం రాత్రి పదింటికి బయటపడుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకులు మోగకూడదు. మతపరమైన, సాంస్కృతిక పండుగ సందర్భాల్లో మాత్రం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి 12 వరకు రాష్ట్రం సడలింపు ఇవ్వొచ్చు. ఏ వేడుకను ఆ పదిహేనులో చేర్చాలన్న దగ్గరే పేచీ. సరూర్‌నగర్ చెరువుకు వెళ్లే నిమజ్జనం దారిలో కాపురముండే వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆర్టీసీదీ అదే తీరు. 2003 నాటి జీవో 16 ప్రకారం పండుగ రద్దీకి నడిపే ప్రత్యేక బస్సుల్లో మామూలు చార్జీకి ఒకటిన్నర రెట్ల వరకు తీసుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీగా వస్తుందన్నది సంస్థ చెప్పే కారణం. సంక్రాంతికి ముందు ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ వైపు సంచులతో నిలబడ్డ ప్రయాణికుడు బస్సు అద్దం మీద ‘పండుగ స్పెషల్’ బోర్డు ఉందో లేదో చూసుకునే ఎక్కుతాడు.