హుసావిక్ తిమింగలాలు: వెయ్యేళ్ల లెక్క

పడవ ముక్కు పన్నెండు గంటలనుకోవాలి. పైన నిలబడిన మనిషి "మూడు గంటల దిక్కు!" అని కేక వెయ్యగానే అందరూ కుడివైపు తిరుగుతారు. ముందు నీటిమీద తెల్లటి ఆవిరి లేస్తుంది. కొలిమితిత్తి ఒక్కసారిగా గాలి వదిలినట్టు చప్పుడవుతుంది. నల్లటి వీపు తేలుతుంది. చివరికి తోక నిలువునా లేచి, నీళ్లు కారుస్తూ లోపలికి జారిపోతుంది. ఐస్‌లాండ్ ఉత్తర తీరాన, ధ్రువ వలయానికి కాస్త దిగువన ఉన్న హుసావిక్ రేవు నుంచి వేసవిలో రోజూ పడవలు బయల్దేరేది ఇందుకే.

కానీ తిమింగలం కనబడగానే కేక వెయ్యడం వేటగాళ్ల అలవాటు. ఆ నీళ్లలో వేటకు చాలా పాత చరిత్ర ఉంది.

తొలినాళ్లలో ఐస్‌లాండ్ వాసులకు తిమింగలమంటే సముద్రం తెచ్చిపెట్టిన కలిమి. ఒక్కటి ఒడ్డుకు కొట్టుకొస్తే ఊరంతా చలికాలం గట్టెక్కేది. ఎవరి వాటా ఎంత అన్నది చట్టాల్లో రాసుకున్నారు. 1281 నాటి చట్టసంహిత యోన్స్‌బోక్‌లోనూ ఒడ్డుకు చేరిన వాటిపై హక్కుల గురించి ఉంది. "తిమింగలం కొట్టుకురావడం" అనే అర్థమున్న "క్వాల్‌రెకి" మాటను అనుకోని అదృష్టానికి వాళ్లు ఈనాటికీ వాడతారు.

17వ శతాబ్దంలో నూనె కోసం స్పెయిన్ నుంచి బాస్క్ వేటగాళ్లు వచ్చారు. 1615లో వాళ్ల ఓడలు తుపానులో పగిలిపోతే, ఒడ్డున చిక్కుకున్నవారిలో 30 మందికి పైగా మనుషులను స్థానికులు చంపారు. వాళ్లను చంపమని పశ్చిమ తీరపు అధికారి అప్పుడు జారీచేసిన ఆజ్ఞను లాంఛనంగానైనా రద్దు చేసింది 2015లో, సరిగ్గా నాలుగు వందల ఏళ్లకు.

అసలు వినాశనం మాత్రం నార్వే నుంచి వచ్చింది. స్వెన్ ఫోయిన్ అనే ఓడ యజమాని మొనలో మందుగుండు పేలే ఈటెను ఫిరంగితో వదిలే పద్ధతికి 1870లో పేటెంటు పొందాడు. అంతవరకు చేతిపడవలకు అందని వేగం గల నీలి తిమింగలం కూడా ఆవిరి ఓడకు చిక్కింది. 1883 నుంచి నార్వే వాళ్లు ఐస్‌లాండ్ తీరంలో స్థావరాలు పెట్టి మూడు దశాబ్దాల్లోనే సముద్రాన్ని ఊడ్చేశారు. 1915 నుంచి ఐస్‌లాండ్ పెద్ద తిమింగలాల వేటను నిషేధించింది. 1935లో వేట మళ్లీ మొదలైంది. ప్రపంచమంతటా చూస్తే 20వ శతాబ్దంలో చంపిన తిమింగలాలు సుమారు 29 లక్షలు. ఏ కారణం చెప్పినా ఈ అంకెను సమర్థించలేం.

1982లో అంతర్జాతీయ తిమింగలవేట సంఘం వాణిజ్య వేటకు విరామం ప్రకటించింది. 1986 నుంచి అది అమలైంది. 1989 తర్వాత ఐస్‌లాండ్‌లో వేట ఆగింది. 1991లో ఆగ్నేయాన హెప్న్ రేవు నుంచి, 1995లో హుసావిక్ నుంచి తిమింగలాలను చూపించడానికి జనాన్ని తీసుకెళ్లడం మొదలైంది. ఈ మార్పులో జాలికి ఎంత పాత్ర ఉందో బతుకుతెరువుకూ అంతే ఉంది. చేపల కోటాలు పెద్ద కంపెనీల చేతికి పోవడంతో చిన్న రేవుల్లో పని తగ్గింది. పాత ఓక్ పడవలను ఎక్కడికక్కడ విరగ్గొట్టేస్తున్న రోజులవి. అలాంటి పడవ ఒకదాన్ని, క్నోరిన్‌ను, ఇద్దరు అన్నదమ్ములు బాగుచేసి తిమింగలాల దగ్గరికి నడిపారు. ఊరికి మళ్లీ పని దొరికింది.

అక్కడి స్క్యాల్ఫాండి అఖాతంలోకి నదుల పోషకాలు చేరతాయి. వేసవిలో దాదాపు నిద్రపోని సూర్యుడి వెలుగుకు నాచు, దానితో క్రిల్, చిన్న చేపలు పెరుగుతాయి. వాటికోసం హంప్‌బ్యాక్ తిమింగలాలు దూరపు వెచ్చని సముద్రాల నుంచి వస్తాయి. జూన్ ప్రాంతంలో ఒక్కోసారి నీలి తిమింగలమూ వస్తుంది. హంప్‌బ్యాక్ తోక అడుగున నలుపు తెలుపు మచ్చలు మన వేలిముద్రల్లా ఒక్కోదానికి ఒక్కో తీరు. పర్యాటకులు తీసిన ఫొటోలు కూడా పరిశోధకులకు ఉపయోగపడుతున్నాయి. ఊళ్లో పాత కబేళా భవనంలోని మ్యూజియంలో 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం ఉంది. అది 2010లో ఉత్తర తీరానికి కొట్టుకొచ్చింది. ఈసారి దాని ఎముకలు జనం చూడటానికి మిగిలాయి.

వేట ముగిసిపోలేదు. 2006లో వాణిజ్య వేట మళ్లీ మొదలైంది. 2022లో 148 ఫిన్ తిమింగలాలను, 2023లో 24ను చంపారు. 2024లోనూ 2025లోనూ వేట ఓడలు కదల్లేదు. అయినా 2024 డిసెంబరులో ఐదేళ్ల లైసెన్సు ఇచ్చారు. చంపిన మింకె తిమింగలాల మాంసంలో కొంత పర్యాటకుల పళ్లేల్లోకే చేరేది. ఉదయం పడవమీద చూసి మురిసినవాళ్లే రాత్రి రుచి చూడబోయి వేటకు గిరాకీ పెంచారు.

ఇప్పుడు మన తెలుగువాళ్లు కూడా ఐస్‌లాండ్ వెళ్తున్నారు. మీరు వెళ్తే పడవ ఎక్కండి, ఆ ఊపిరి చప్పుడు వినండి. హోటల్ మెనూలో తిమింగలం మాంసం కనిపిస్తే మాత్రం దయచేసి ఆర్డరు చెయ్యకండి.